కొలోన్‌లో మా అమ్మను చూసుకున్న గైడ్ గారికి కృతజ్ఞతలు

ఈమధ్య అమ్మతో కలిసి జర్మనీలోని కొలోన్ వెళ్లాం. అక్కడి పెద్ద చర్చి, కెథడ్రల్ చూపించడానికి ఆ ఊరి ఆవిడనే గైడ్‌గా మాట్లాడుకున్నాం. 1248లో మొదలై, మధ్యలో శతాబ్దాల పాటు ఆగిపోయి, చివరికి 1880లో పూర్తయిన కట్టడమది. ఆ కథ వింటుండగానే అమ్మకు షుగర్ పడిపోయింది. ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు. టెన్షన్‌తో నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

ఆవిడ మాత్రం వెంటనే అమ్మను బల్ల మీద కూర్చోబెట్టి, తన బ్యాగులోని జ్యూస్ తీసి, గుక్క గుక్కగా తానే తాగించారు. కోటు విప్పి అమ్మ భుజాల మీద కప్పారు. అంత చలిలో పల్చటి స్వెటర్‌తో రాతినేల మీదే కూర్చుని, అమ్మ అరచేతులు రుద్దుతూ ఉండిపోయారు.

అమ్మ తేరుకున్నాకా తొందరపెట్టలేదు. 533 మెట్ల దక్షిణ గోపురం సంగతి పక్కనపెట్టి, 2007లో పెట్టిన, జర్మన్ చిత్రకారుడు గెర్హార్డ్ రిష్టర్ రూపొందించిన రంగుటద్దాల కిటికీ గురించి అక్కడే కూర్చుని నెమ్మదిగా చెప్పారు. ఎంత బాగా చెప్పారో! టైమ్ దాటిపోయినా అదనంగా ఒక్క యూరో కూడా తీసుకోలేదు.

"చల్లగా ఉండు తల్లీ" అని అమ్మ తెలుగులోనే దీవించింది. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. మేడమ్, మా ఇంటిల్లిపాదీ మీకు రుణపడి ఉన్నాం.