టీలో ఏం వేసుకుంటున్నారని కూడా అడిగించండి

శ్రీకాకుళం జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి గారికి నమస్కారం.

మా అమ్మకు షుగర్. చక్కెరకు బదులు వాడే తీపి బిళ్లల డబ్బా మూత నొక్కితే శనగబద్దలో సగం కూడా లేని తెల్ల బిళ్ల టీలో పడుతుంది. షుగర్ లేని నాన్న కూడా, పొట్ట తగ్గుతుందని ఇప్పుడు అదే డబ్బా నొక్కుతున్నారు. ఆయన్ని చూస్తే నాకు టెన్షన్.

బరువు తగ్గడానికి ఇలాంటి తీపి బిళ్లలు వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మేలో సూచించింది. ఇప్పటికే షుగర్ ఉన్నవాళ్లకు ఆ సూచన వర్తించదు. ఈ తేడా టెక్కలిలోనో పలాసలోనో మందుల షాపు ముందు నిలబడ్డ మనిషికి ఎవరు చెప్తారు?

ఇంటికొచ్చి బీపీ, షుగర్ చూసే ఏఎన్ఎంలతో ‘టీలో ఏం వేసుకుంటున్నారు, ఎందుకు?’ అని కూడా అడిగించండి. చక్కెర బదులు ఇలాంటి తీపే వేసే డైట్ కూల్‌డ్రింకుల గురించి కూడా.

— శ్రీకాకుళం నుంచి ఒక కూతురు