ఫ్లాట్ ఖాళీగా ఉన్నప్పుడు ఫీజు ఎందుకంటున్నారు

ఎడిటర్ గారికి నమస్కారం. నిజాంపేట, ప్రగతినగర్, మియాపూర్ చుట్టుపక్కల అమెరికాలో ఉండే మనవాళ్ళ ఫ్లాట్లు చూసుకునే పని తొమ్మిదేళ్ళ నుంచి చేస్తున్నాను. మీ పేపర్లో ఫ్లాట్లు కొనడం అమ్మడం గురించి బోలెడు వస్తాయి, కొన్నాక వాటిని చూసుకునేవాళ్ళకి ఎంత ఇవ్వాలి, దేనికి ఇవ్వాలి అనేది మాత్రం కనపడదు. ఫ్లాట్ ఖాళీగా ఉన్న నెలలకి కూడా ఫీజు ఎందుకని ఓనర్లు అడుగుతుంటారు, అందుకే రాస్తున్నా.

మొదట్లో నేనూ అందరిలాగే అద్దెలో 8 శాతం తీసుకునేవాణ్ణి. 25 వేల అద్దెకి నెలకి 2 వేలు. కానీ ఇంట్లో మనుషులున్నప్పుడు మాకు పెద్ద పనే ఉండదండీ, అద్దె పడిందా లేదా చూసుకోవడం, గీజర్ పోయిందంటే మనిషిని పంపడం, అంతే. అసలు పని వాళ్ళు ఖాళీ చేశాకే మొదలవుతుంది. పోయినేడాది వానల్లో ఒక ఫ్లాట్ రెండు నెలలు ఖాళీగా ఉంది, వారానికోసారి వెళ్ళి కిటికీలు తీసి ట్యాపులు తిప్పి వచ్చేవాణ్ణి, ఒక ఆదివారం చూస్తే వార్డ్‌రోబ్ పక్కన గోడ చెమ్మగా ఉంది, చెయ్యి పెడితే పుట్టీ పెచ్చు ఊడొచ్చింది. పై ఫ్లాట్ బాత్రూమ్ లీకేజీ. పైవాళ్ళని ఒప్పించి, అసోసియేషన్ వాళ్ళని పిలిచి, ప్లంబర్‌తో ఆపించేసరికి పది రోజులు పట్టింది. శాతం లెక్కన ఆ రెండు నెలలకి నాకొచ్చేది సున్నా. ఆ ఓనరు గారు మంచాయన, ఫోటోలు చూసి ఆయనే అగ్రిమెంట్ మార్చమన్నారు.

అప్పటినుంచి ఖాళీగా ఉన్నా లేకున్నా నెలకి 1,500, కొత్తవాళ్ళని తెస్తే సగం నెల అద్దె విడిగా, రిపేర్లకి బిల్లు ఎంతైతే అంతే. గచ్చిబౌలిలో పెద్ద విల్లాకి ఇదే రేటు సరిపోదనుకోండి, ఆ పని వేరు.

నెలకి 500 చాలు అని వచ్చేవాళ్ళ దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండండి. డల్లాస్‌లో ఉండే ఒక మేడమ్ అలాగే ఒక కంపెనీకి ఇచ్చారు, ఫ్లష్ ట్యాంక్ మార్చినందుకు 4,200 బిల్లు వేశారు, ఆ ప్లంబర్ నాకు తెలిసినవాడే, సామానుతో కలిపి అతని చేతికొచ్చింది 2,300. రిపేర్ మీద కమిషన్ తీసుకోవడం తప్పు అనట్లేదు, చెప్పకుండా తీసుకోవడం తప్పు.

ఇంకోటి టీడీఎస్, అంటే అద్దె ఇచ్చేముందే అందులోంచి పట్టుకుని ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను. ఓనరు ఎన్నారై అయితే అద్దెకున్నవాళ్ళు సెస్సుతో కలిపి అద్దెలో 31.2 శాతం పట్టుకుని కట్టాలి, ఆ సంగతి చాలామందికి తెలీదు. వాళ్ళకి చెప్పి ఆడిటర్ దగ్గరికి తీసుకెళ్ళేదెవరు? ఏప్రిల్ 30 లోపు కడితే మున్సిపల్ కార్పొరేషన్ ఇచ్చే 5 శాతం రిబేటు పోకుండా ప్రాపర్టీ ట్యాక్స్ కట్టేదెవరు? ఇవన్నీ ఫీజులోనే ఉన్నాయా, విడిగానా అనేది ముందే తేలాలి.

2021లో కేంద్రం రాష్ట్రాలకి నమూనాగా ఇచ్చిన అద్దె ఇళ్ళ చట్టం, మోడల్ టెనెన్సీ యాక్ట్‌లో ప్రాపర్టీ మేనేజర్ పనులు రాసిపెట్టారు, రసీదు ఇచ్చి అద్దె వసూలు చెయ్యడం, రిపేర్లు, ఇల్లు చూసి రావడం, నోటీసులివ్వడం. మీ ప్రాపర్టీ పేజీలో ఒక్కసారి ఆ లిస్టు తెలుగులో వేయండి సార్. ఓనర్లు దాన్ని ముందు పెట్టుకుని ఒక్కో పనికి ఎంత, ఖాళీ నెలకి ఎంత, రిపేర్ మీద కమిషన్ ఉందా లేదా అని రాయించుకున్నాకే తాళాలివ్వచ్చు.

- ఒక పాఠకుడు, నిజాంపేట