అక్కకి, మా గవర్నర్ సంగతి

జాక్సన్ హైట్స్, న్యూయార్క్
2008 మార్చి 22

అక్కా,

ఇక్కడ మేమంతా క్షేమం. అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉందో రాయి. పోయిన ఆదివారం ఫోన్లో బావగారు "మీ గవర్నర్ రాజీనామా చేశాడటగా, ఏం జరిగింది?" అని అడిగితే, పాప పక్కనే ఉందని మాట దాటేశాను. అప్పట్నుంచీ మనసులో అదే తిరుగుతోంది. నీకు రాస్తే కొంచెం తేలికపడతాను.

గవర్నరంటే మన రాజ్‌భవన్‌లో ఉండే ఆయనలాంటి వాడు కాదు. ఇక్కడ గవర్నరే ముఖ్యమంత్రి. జనం నేరుగా ఓట్లేసి గెలిపిస్తారు. ఈయన పేరు ఎలియట్ స్పిట్జర్. 2006లో నూటికి దాదాపు 70 ఓట్లు పడ్డాయి. అంతకుముందు ఎనిమిదేళ్లు రాష్ట్రానికి అటార్నీ జనరల్, అంటే ప్రభుత్వం తరఫున కేసులు నడిపే పెద్ద లాయరు. వాల్ స్ట్రీట్‌లోని షేర్ల కంపెనీలు మదుపుదార్లను మోసం చేస్తుంటే పట్టుకుని కోట్ల డాలర్లు కక్కించాడు.

నాకు మాత్రం ఆయన వేరేగా గుర్తు. మా ఎదురు ఫ్లాట్‌లో ఉండే మెక్సికన్ ఆవిడ గురించి చెప్పాను కదా, వాళ్లాయన కూరగాయల కొట్లో పని. రోజుకి పన్నెండు గంటలు. అప్పట్లో కనీస వేతనం గంటకి 5 డాలర్ల 15 సెంట్లు. ఆయనకి అదీ ఇచ్చేవారు కాదు. అలాంటి కొట్ల మీద స్పిట్జర్ ఆఫీసు కేసులు పెట్టింది. 2002లో యజమానులకి ఒక నియమావళి పెట్టి సంతకాలు చేయించింది. ఆ తర్వాతే ఆయనకి జీతం సరిగ్గా రావడం మొదలైంది. కాగితాలు లేని కూలివాళ్ల పక్షాన ఇంత పెద్దాయన నిలబడటం నేను ఎక్కడా చూడలేదక్కా. నాకు ఇక్కడ ఓటు లేదు, ఉంటే ఆయనకే వేసేదాన్ని.

అలాంటి మనిషి తప్పు చేసి దొరికింది ఎక్కడో తెలుసా? బ్యాంకులో. నువ్వు కౌంటర్లో కూర్చునేదానివి, నీకు చెప్పగానే అర్థమవుతుంది. మీ దగ్గర యాభై వేలు దాటి కడితే పాన్ నంబర్ రాయాలని 49 వేల చొప్పున కట్టి పోయేవాళ్ల గురించి నువ్వే చెప్పావు. ఇక్కడ ఆ గీత పది వేల డాలర్లు. ఈయన డబ్బు చిన్న చిన్న మొత్తాలుగా పంపాడని, ఆ లావాదేవీల నుంచి తన పేరు తీసేయమని కూడా అడిగాడని పేపర్లలో వచ్చింది. బ్యాంకుకి అనుమానం వచ్చి పైవాళ్లకి రాసింది. వాళ్లు ముందు లంచమేమో అనుకున్నారట. తీగ లాగితే ఎంపరర్స్ క్లబ్ అని, ఖరీదైన వ్యభిచారం నడిపే ముఠా బయటపడింది. ఫోన్లు విన్నారు. ఫిబ్రవరి 13న వాషింగ్టన్‌లోని మేఫ్లవర్ హోటల్‌కి న్యూయార్క్ నుంచి అమ్మాయిని పిలిపించుకున్నాడు. కోర్టు కాగితాల్లో ఆయన పేరు లేదు, 'క్లయింట్ 9' అని ఉంది.

ఈ నెల 10న పేపర్ వాళ్లు బయటపెట్టారు. 12న రాజీనామా ప్రకటించాడు. మా బ్యాంకులో భోజనాల గదిలో టీవీ ముందు అందరం నిలబడ్డాం. ఆయన రెండు మూడు నిమిషాలే మాట్లాడాడు. నేను ఆయన్ని చూడలేదు, పక్కన నిలబడ్డ ఆయన భార్య సిల్డాని చూశాను. హార్వర్డ్‌లో లా చదివిన మనిషి, ముగ్గురు ఆడపిల్లల కోసం ఉద్యోగం మానేసింది. కళ్ల కింద ఉబ్బు. ఒక్క మాట లేదు. నా చేతిలో పెరుగన్నం డబ్బా అలాగే ఉండిపోయింది. ఆవిడని అక్కడ నిలబెట్టకుండా ఉండాల్సింది, అక్కా.

నాకు అన్నిటికన్నా మంట పుట్టించింది ఇంకొకటుంది. డబ్బిచ్చి అమ్మాయిల దగ్గరకి వెళ్లే మగవాళ్లకి జైలు శిక్షని మూడు నెలల నుంచి ఏడాదికి పెంచుతూ పోయిన ఏడాది చట్టం వచ్చింది. దాని మీద సంతకం పెట్టింది ఈయనే. 2004లో స్టేటెన్ ఐలాండ్‌లో ఇలాంటి ముఠానే పట్టించిందీ ఈయనే. తెలియక చేశాడని ఎవరూ అనలేరు. ముఠా నడిపిన నలుగురిని అరెస్టు చేశారు. ఈయన మీద ఇంతవరకు కేసు లేదు. ఆ అమ్మాయికి 22 ఏళ్లు, మన స్వాతి వయసు. ఆమె ఫొటోలు ఈత దుస్తులతో సహా ప్రతి పేపర్ మొదటి పేజీలో. ట్రైన్లో నా చుట్టూ మగవాళ్లు ఆ పేపర్ తెరిచి చూస్తుంటే తల దించుకుని కూర్చున్నాను.

17న డేవిడ్ పాటర్సన్ పగ్గాలు తీసుకున్నాడు. చూపు దాదాపు లేదు, ఈ రాష్ట్రానికి మొదటి నల్లజాతి గవర్నర్. ఆ ముందురోజే బేర్ స్టెర్న్స్ అనే పెద్ద బ్యాంకుని షేరు రెండు డాలర్లకి అమ్మేశారు. వాల్ స్ట్రీట్ మీద ఓ కన్నేసి ఉంచే మనిషి కావలసిన వారంలోనే ఇలా అయింది.

నిన్న ఎదురింటావిడని లిఫ్ట్ దగ్గర అడిగాను, మీవారు ఏమన్నారని. "ఏమీ అనలేదు. టీవీ కట్టేసి పనికి వెళ్లిపోయాడు" అంది. ఆ కూరగాయల కొట్లోనే ఇంకా పని చేస్తున్నాడు.

ఉగాదికి పిల్లలకి బట్టలు పంపిస్తున్నాను. చిన్నవాడి కొలతలు పాతవే వేశాను, పొట్టి అయితే చెప్పు. ఇవన్నీ బావగారికి చదివి వినిపించు, అమ్మకి వద్దు.

నీ చెల్లెలు