ఆ విడుదల పత్రం ఇప్పించండి సార్: కార్మిక శాఖ మంత్రి గారికి ఒక కిరాణా కొట్టువాడి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ కార్మిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఇటుక బట్టీలో వెట్టి చేసిన పదకొండు ఒడిశా కుటుంబాలకు విడుదల పత్రం, అంటే వెట్టి నుంచి విడిపించామని సర్కారు రాసిచ్చే కాగితం, ఇప్పించమని కలెక్టరేట్ ప్రజావాణిలో నాలుగు సోమవారాలు లైన్లో నిలబడి నాలుగు దరఖాస్తులు ఇచ్చాక ఈ ఉత్తరం రాస్తున్నాను. నాలుగింటికీ ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, 'మీ సమస్య పరిష్కరించబడింది' అని. ఏం పరిష్కారమైందో నాకు తెలియదు. మెసేజ్ పంపినవాళ్లకైనా తెలుసో లేదో.

పెద్దపల్లి జిల్లాలో ఇటుక బట్టీలకు పోయే దారిలో నాకో చిన్న కొట్టుంది. దీపావళి దాటాక ఒడిశాలోని బలంగీర్, నువాపడా వైపు నుంచి జనం దిగుతారు. వాళ్లు నా దగ్గర ఎక్కువగా కొనేది నూకలు. మనం కోళ్లకు చల్లే నూకలే సార్. బట్టీ సేటు వారానికి ఇచ్చే ఖర్చుల్లో బియ్యం రావు మరి. చాలాసార్లు ఆ ఖర్చులు కూడా చేతికివ్వడు. చిట్టీ రాసి పంపుతాడు, నేను ఖాతాలో రాసుకుంటాను, నెలాఖరుకు ఆయనే కడతాడు. అంటే ఈ పాపంలో కొంత నా గల్లాపెట్టెలోకీ వచ్చింది. అది దాచుకుని మిమ్మల్ని నిలదీస్తే బాగుండదని ముందే చెప్తున్నాను.

పోయిన సీజన్‌లో ఒకావిడ నా కొట్టు అరుగు మీద కూర్చుని ఏడ్చింది. ఊళ్లో తల్లి చనిపోయిందట. పంపలేదు. అక్కడి కాంటాబంజి స్టేషన్‌లో రైలెక్కించే ముందు, కూలీలను కుదిర్చి తెచ్చే సర్దార్ వాళ్ల చేతిలో పెట్టిన అడ్వాన్స్ తీరేదాకా కదలడానికి లేదన్నారు. ఆధార్ కార్డులు ఆఫీసు గదిలో బీరువాలో ఉన్నాయి. మొగుడూపెళ్లాలు చీకటితో లేచి మట్టి కలిపి అచ్చులు పోస్తుంటే, ఎనిమిదేళ్ల పిల్లాడు పచ్చి ఇటుకలు తిరగేస్తూ ఉండేవాడు. ఎన్ని వేల ఇటుకలు పోశారో లెక్క సేటు పుస్తకంలోనే ఉంటుంది, వాళ్లకు చదువు రాదు.

నేనే దరఖాస్తు రాశాను. ఈ ఒక్క మాటకు మీ శాఖను మెచ్చుకోవాలి, పది రోజుల్లో జీపు వచ్చింది. వచ్చిన సారు ఆవిణ్ణి అడిగిన మొదటి ప్రశ్న ఏంటో తెలుసా? 'మిమ్మల్ని తాళ్లతో కట్టేశారా?' లేదంది. 'గేటుకి తాళం వేస్తారా?' గేటే లేదంది. 'అయితే ఇది కూలి గొడవ' అని తేల్చేశారు.

1976 చట్టం మీకు తెలియనిది కాదు. అడ్వాన్స్ ఇచ్చి, అది తీరేదాకా ఇంకోచోటికి పోనివ్వకపోతే అదే వెట్టి అని అందులో రాసి ఉంది. తాళ్ల మాట ఎక్కడా లేదు. కనీస కూలి కన్నా తక్కువిచ్చి చేయించుకున్నా అది బలవంతపు చాకిరీయేనని సుప్రీంకోర్టు 1982లోనే చెప్పింది. నాలాంటి టెన్త్ చదివినవాడికి అర్థమైంది, జీపులో వచ్చిన సారుకి ఎందుకు అర్థం కాలేదో. వెట్టి మీద తిరగబడిన గడ్డ మనది అని మాత్రం ప్రతి సభలో చెప్పుకుంటాం.

ఆ రాత్రి బట్టీలోనే మాటలు నడిచాయి. తెల్లారేసరికి పదకొండు కుటుంబాలను రైలెక్కించారు. మరుసటి రోజు పేపర్లో 'కూలీలకు విముక్తి' అని ఫొటో. కేసు లేదు, విడుదల పత్రం లేదు.

నా గోలంతా ఆ ఒక్క కాగితం గురించే సార్. అది ఉంటే వెంటనే 30 వేల దాకా సాయం అందాలి. ఆ తర్వాత కేసు తేలాక మగవాళ్లకు లక్ష, ఆడవాళ్లకు, పిల్లలకు రెండు లక్షలు అని కేంద్రం పథకమే చెప్తోంది. సేటుకి ఉన్న బాకీ చట్టప్రకారం రద్దయిపోతుంది. అది లేకపోతే ఏమీ లేదు, వాళ్లు ఊరికే ఊరెళ్లినట్టు. ఆవిడ భర్త అక్కడి ఆఫీసుకి పోతే 'ఎక్కడ విడిపించారో అక్కడే తెచ్చుకో' అన్నారు. ఇక్కడ నేను అడిగితే 'వాళ్లది ఒడిశా కదా, అక్కడే అడగమనండి' అన్నారు. రెండోసారి పోతే ఆ సారు ట్రాన్స్‌ఫర్. మూడోసారి ఫైలు పైకి పోయింది. నాలుగోసారి అసలు ఫైలు ఎవరి దగ్గరుందో ఎవరూ చెప్పలేదు. నా ఖాతా పుస్తకం జిరాక్స్ కూడా ఇచ్చాను, ఏ వారం ఎన్ని కిలోల నూకలు, ఎవరి చిట్టీ మీద, అన్నీ ఉన్నాయి. సాక్ష్యం అంటే ఇంకేం కావాలి? ఈలోగా సర్దార్ వాళ్ల ఇంటికొచ్చి పాత అడ్వాన్స్ అడుగుతున్నాడట. ఆవిడ భర్త ఫోన్ చేసినప్పుడల్లా 'కాగితం వచ్చిందా అన్నా' అంటాడు. ఏం చెప్పమంటారు?

కేసు పెట్టి శిక్ష వేసినా మూడేళ్ల దాకా జైలు, జరిమానా రెండు వేల రూపాయలట. ఆ డబ్బుకి వెయ్యి ఇటుకలు కూడా రావు. ఆ చిన్న కేసు పెట్టడానికే మనకు చేతులు రావడం లేదు.

ఇంకో సంగతి. మా ఊళ్లో ఇందిరమ్మ ఇళ్లు కడుతున్నారు. పునాదికి ఒక ఫొటో, గోడలకు ఒక ఫొటో, స్లాబుకి ఒక ఫొటో యాప్‌లో ఎక్కిస్తేనే బిల్లు. మంచిదే. ఆ గోడలో ఇటుక ఏ బట్టీది, దాన్ని పోసినవాళ్లకు కూలి ముట్టిందా అని అడిగే గడి ఒక్కటి ఆ యాప్‌లో ఉండదు. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కట్టే పెద్ద కంపెనీలనూ ఎవరూ అడగరు. లారీ లోడు దిగాక ఇటుకకు ఊరూ పేరూ ఉండదు కదా.

1.84 కోట్ల మందిని 2030 నాటికి వెట్టి నుంచి విడిపిస్తామని కేంద్రం 2016లో పార్లమెంటులో చెప్పింది. నేను అడిగేది పదకొండు కుటుంబాలకు. పత్రం ఇప్పించండి. కుదరదంటే ఎందుకు కుదరదో రాతపూర్వకంగా చెప్పించండి, అదైనా చాలు. బట్టీల్లో చూసి రమ్మని ఎవరినైనా పంపండి, కానీ సేటుకి ముందే ఫోన్ చేయకుండా పంపండి. దయచేసి ఆ పత్రం ఇప్పించండి.

అదే బట్టీకి ఈసారి కొత్త మనుషులు వచ్చారు. నిన్న ఒక పిల్లాడు సేటు చిట్టీ పట్టుకుని నా కొట్టుకొచ్చాడు, పది కిలోల నూకలు. చిట్టీ మీద వద్దని తిప్పి పంపుదామనుకున్నాను. పంపితే వాళ్లు ఆ రాత్రి ఏం తింటారు? తూచి ఇచ్చాను, ఖాతాలో రాసుకున్నాను. వచ్చే సోమవారం ఆ పేజీ కూడా జిరాక్స్ తీసి తెస్తాను.

ఇట్లు,
బట్టీల దారిలో కిరాణా కొట్టు నడిపే ఒక పౌరుడు,
పెద్దపల్లి జిల్లా