అమ్మలూ, ముందు జనం దారి చూడు

చిరంజీవి అమ్మలూకి నాన్న ఆశీస్సులు.

డాక్టర్ల సదస్సుకి ప్రొజెక్టర్‌తో తెర మీద బొమ్మ వేసే పని మొత్తం నీకే అప్పగించారని ఫోన్లో చెప్పినప్పుడు సంతోషంతో నాకు మాట పెగల్లేదు. మీ అమ్మ అయితే వీధిలో అందరికీ చెప్పేసింది. ఫోన్లో చెబుదామంటే నువ్వు ఎప్పుడూ సైట్లోనే ఉంటావు, వెనకాల డ్రిల్లింగు మోతలో సగం మాటలు వినపడవు. అందుకే కూర్చుని రాస్తున్నాను. సామాను దింపే రోజు పొద్దున్నే ఇంకోసారి చదువుకో.

నేను నీకు చెప్పాలనుకున్నది ముందే చెప్పేస్తాను. హాల్లోకి వెళ్లగానే తెర వైపు చూడకు. జనం ఏ తలుపు నుంచి వస్తారు, ఎక్కడ కూర్చుంటారు, టీ బ్రేకులో ఎటు నడుస్తారు, కెమెరా వాళ్లు ఎక్కడ నిలబడతారు, ముందు అది చూడు. ప్రొజెక్టర్ మిషన్ ఎక్కడ పెట్టాలి, ఎంత ఎత్తున పెట్టాలి, కేబుల్ ఎటు లాగాలి అన్నవి దాన్ని బట్టే తేలతాయి. బొమ్మ కాస్త అటూ ఇటూ అయితే సరిచేసుకోవచ్చు. మనిషి కంటికి ఏదైనా అయితే సరిచేయలేం.

నేను సినిమా హాలు ప్రొజెక్టర్ క్యాబిన్లో చేరినప్పుడు కార్బన్ కడ్డీలు ఉండేవి. రెండు కడ్డీల కొసలు తగిలించి కొంచెం ఎడంగా జరిపితే మధ్యలో ఆర్క్ వెలుగు పుట్టేది. దాన్ని నల్లద్దంలోంచి తప్ప చూడకూడదు, పొగ గొట్టంలోంచి బయటికి పోవాలి. తర్వాత జినాన్ ల్యాంపులు వచ్చాయి. చల్లగా ఉన్నప్పుడు కూడా ఆ క్వార్ట్జ్ బల్బులో గ్యాస్ బాగా ఒత్తిడి మీద ఉంటుంది. చెయ్యి జారినా, ఒక్క గీత పడినా బాంబులా పేలుతుంది. అందుకే మొహానికి షీల్డు, చేతులకి తోలు గ్లవ్స్, ఒంటికి మందపాటి కోటు లేకుండా మా మేస్త్రీ ల్యాంపు పెట్టె తెరవనిచ్చేవాడు కాదు. అప్పట్లో ప్రొజెక్టర్ నడపాలంటే ఆపరేటర్ లైసెన్సు కూడా ఉండాలి. ఆ భయం, ఆ క్రమశిక్షణ మాకు ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నుంచే అలవాటయ్యాయి.

నీ చేతికి వచ్చేది లేజర్ మిషన్. లోపల నీలం లేజర్, ఫాస్ఫర్ అనే మెరిసే పూత ఉన్న చక్రం మీద పడి పసుపు వెలుగు పుట్టిస్తుంది, ఆ రెండిటి నుంచి మిగతా రంగులన్నీ వస్తాయి. ఇలాంటి చాలా మిషన్లలో వెలుగు సగానికి తగ్గడానికి 20 వేల గంటలు పడుతుందని కంపెనీలు రాస్తాయి. మార్చాల్సిన బల్బూ లేదు, పేలే బల్బూ లేదు. అందుకే కొత్తగా పనిలోకి వచ్చిన కుర్రాళ్లు దీన్ని పెద్ద టీవీలాగా చూస్తారు. అమ్మలూ, మాకు ప్రమాదం ల్యాంపు పెట్టె లోపల ఉండేది. మీకు అది లెన్సు ముందుకి వచ్చి, జనం ఉన్న వైపుకి తిరిగి ఉంది.

మిషన్ పక్కన అతికించిన లేబుల్ చదువు. రిస్క్ గ్రూప్ 2 అని ఉంటే లెన్సులోకి తేరిపార చూడకూడదని అర్థం. రిస్క్ గ్రూప్ 3 అయితే అది ఇళ్లలో వాడే మిషన్ కాదు, తెలిసినవాళ్లే పెట్టాలి. దాని మాన్యువల్లో హజార్డ్ డిస్టెన్స్ అని ఒక పట్టిక ఉంటుంది. లెన్సు నుంచి ఆ దూరం లోపల ఎవరి కళ్లూ ఆ వెలుగు దారిలోకి రాకూడదు. ఆ దూరం అన్ని లెన్సులకీ ఒకటి కాదు. దూరం నుంచి వేసే లాంగ్ త్రో లెన్సు పెడితే వెలుగు సన్నగా, చిక్కగా పోతుంది కాబట్టి ఆ దూరం బాగా పెరుగుతుంది. పోయిన ప్రోగ్రాంలో సరిపోయింది కదా అని ఈసారి లెన్సు మార్చి అక్కడే పెట్టేయకు, పట్టిక మళ్లీ తియ్యి. వెలుగు దారి కింద నేల నుంచి ఎంత ఎత్తు వదలాలో కూడా అందులోనే ఉంటుంది. రాసిన ఎత్తు మీద ఇంకో చెయ్యెత్తు వదులు. సెల్ఫీ కోసం జనం ఫోన్లు పైకెత్తుతారు, పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుంటారు.

మీ హాల్లో బాల్కనీ ఉందన్నావు. అక్కడే నాకు టెన్షన్. వెలుగు బాల్కనీ పిట్టగోడకి దగ్గరగా పోతే, కూర్చున్నప్పుడు ఏమీ ఉండదు. చప్పట్లు కొట్టడానికి లేచి నిలబడితే ముందు వరస తలలు సరిగ్గా ఆ దారిలోకి వస్తాయి. హాలు ఖాళీగా ఉన్నప్పుడే బాల్కనీ ముందు వరసలో ఎవరినైనా నిలబెట్టు. నువ్వు మిషన్ ఆఫ్‌లో ఉండగా లెన్సు నుంచి తెర నాలుగు మూలలకీ దారం లాగి చూడు. దారం వాళ్ల చేతికి అందే దూరంలో ఉంటే మిషన్ ఎత్తయినా మార్చు, ఆ వరస అయినా మూయించు. కన్వెన్షన్ హాళ్లలో వేలాడే గాజు షాండ్లియర్లనీ మర్చిపోకు. వెలుగు వాటికి తగిలితే ఎటు తిరుగుతుందో చెప్పలేం. పొడుగాటి క్రేన్ చెయ్యి మీద తిరిగే జిమ్మీ జిబ్ కెమెరా అతనితో ముందే మాట్లాడు. దాని చెయ్యి లెన్సు ముందు నుంచి పోతే ఆ కెమెరా సెన్సరు పాడైపోవచ్చు, పక్కనున్నవాళ్ల కళ్లకీ మంచిది కాదు.

ఇక కరెంటు. ఎలక్ట్రీషియన్ "అంతా ఓకే మేడమ్" అంటాడు. అతని మీద నమ్మకం ఉంచు, కానీ నీ మల్టీమీటరు నువ్వు తీసుకెళ్లు. సాకెట్లో ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 230 వోల్టులు, కాస్త అటూ ఇటూ రావాలి. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య కూడా అంతే రావాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులకి మించకూడదు. అక్కడ పదో ఇరవయ్యో చూపిస్తే ఎర్త్ సరిగా లేదు, లేదా న్యూట్రల్ ఎక్కడో వదులుగా ఉంది. మూడు ఫేజుల సప్లైలో న్యూట్రల్ ఊడిపోతే, తక్కువ లోడు ఉన్న ఫేజు మీదికి 230 బదులు 400కి దగ్గరగా వోల్టేజీ ఎక్కిపోతుంది. లక్షల మిషన్ క్షణంలో పోతుంది, ఎర్త్ కూడా సరిగా లేకపోతే దాని బాడీ మీద చెయ్యి ఉన్నవాళ్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు. జనరేటర్‌కి మార్చిన తర్వాత ఇదంతా మళ్లీ కొలువు. మెయిన్స్ మీద బాగున్నది జనరేటర్ మీద బాగుంటుందని గ్యారంటీ లేదు.

20 వేల ల్యూమెన్ల (ల్యూమెన్ అంటే మిషన్ ఇచ్చే వెలుగుకి కొలత) లేజర్ మిషన్ సుమారు రెండు కిలోవాట్లు లాగుతుంది. దానికి వేరే లైను అడుగు. స్టేజి లైట్ల డిమ్మర్లతో, ఏసీతో, కాఫీ మెషిన్‌తో కలపనివ్వకు. కేబుల్ డ్రమ్ము వాడితే ఎంత అవసరమో అంతే లాగి వదిలేయకు, మొత్తం విప్పు. చుట్టి ఉన్న కేబుల్ లోడు మీద లోపల్లోపల వేడెక్కి ఇన్సులేషన్ కరిగిపోతుంది. జనం నడిచే చోట కేబుల్ పోక తప్పకపోతే దాని మీద ర్యాంపు వేయించు. ఉత్త టేపు రెండు గంటల్లో లేచిపోతుంది.

బరువు గురించి నీకు తెలుసు కాబట్టి ఎక్కువ రాయను. ఈ తరగతి మిషన్లు లెన్సు లేకుండానే 50 కిలోల దాకా ఉంటాయి. ట్రస్సుకి, అంటే పైన ఉండే ఇనప చట్రానికి కట్టేటప్పుడు క్లాంపులు ఎంత గట్టిగా ఉన్నా విడిగా స్టీలు సేఫ్టీ రోప్ ఉండాలి, దాని మీద మోసే బరువు రాసి ఉండాలి. బైండింగ్ వైరు తెస్తే తీసుకోకు. పైన పని జరుగుతుంటే కింద ఎవరూ తిరగకుండా తాడు కట్టించు. మిషన్ మీద రిమోట్, స్క్రూడ్రైవర్, లెన్సు క్యాప్ పెట్టి మర్చిపోవడం మనవాళ్లకి అలవాటు. దిగే ముందు చేత్తో తడిమి చూడు. స్కఫోల్డింగ్ మీద పెడితే చక్రాలు లాక్ చేయించు. షో నడుస్తుండగా దాని మీదికి ఎవరినీ ఎక్కనివ్వకు. పెళ్లిళ్లయితే పిల్లలు ఎక్కుతారు, సదస్సుల్లో ఫోటోగ్రాఫర్లు ఎక్కుతారు.

లెక్క చేసేటప్పుడు కంగారు పడకు. మీ తెర 20 అడుగుల వెడల్పు, పన్నెండున్నర అడుగుల ఎత్తు అన్నావు. అంటే 250 చదరపు అడుగులు. 20 వేల ల్యూమెన్లని 250తో భాగిస్తే 80 వస్తుంది. మామూలు తెల్ల తెర మీద కనపడే వెలుగుని కొలిచే లెక్కలో అది 80 ఫుట్ ల్యాంబర్ట్‌లు. చీకటి సినిమా హాల్లో 14 ఉంటే చాలు. డాక్టర్లు నోట్సు రాసుకోవడానికి లైట్లు వేసి ఉంచుతారు కాబట్టి నీకు ఈ మిగులు కావాలి. ఎక్స్‌రే, స్కాన్ బొమ్మల్లో బూడిద రంగు తేడాలు కనపడాలి. తెర మీద నేరుగా పడే స్టేజి లైటుని పక్కకి తిప్పించు, ల్యూమెన్లు పెంచడం కంటే దానివల్లే ఎక్కువ లాభం. స్కఫోల్డింగ్ 40 అడుగుల దూరంలో పడుతుంది కాబట్టి దూరాన్ని వెడల్పుతో భాగిస్తే త్రో రేషియో 2. నీ దగ్గరున్న 1.7 నుంచి 2.4 లెన్సు సరిగ్గా మధ్యలో పడుతుంది, మంచిదే.

మిషన్ని లెవెల్‌గా కూర్చోబెట్టు. బొమ్మ పైకీ కిందికీ, మిషన్ కదలకుండా లెన్సుని మాత్రమే జరిపే లెన్స్ షిఫ్ట్‌తోనే జరుపు, కీస్టోన్ జోలికి పోకు. కీస్టోన్ పిక్సెళ్లని నొక్కి బొమ్మని సర్దుతుంది, స్లైడుల్లో సన్న అక్షరాలు చెదిరిపోతాయి. ఆన్ చేయగానే ఫోకస్ పట్టి వెళ్లిపోకు. వేడెక్కేకొద్దీ లెన్సులో ఫోకస్ కొంచెం జారుతుంది. అరగంట ఆగి, గడుల టెస్ట్ ప్యాటర్న్ వేసి, తెర దగ్గరికే నడిచి వెళ్లు. ఒక పక్కన నిలబడి, వెలుగుకి వీపు పెట్టి, మధ్యలో గీత చూడు, తర్వాత నాలుగు మూలలూ చూడు. గీత అంచున ఎరుపో నీలమో సన్నగా తేలుతుంటే కన్వర్జెన్స్, అంటే రంగులన్నీ ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడుతున్నాయో లేదో సరిచూడాలి. మధ్యలో పదునుగా ఉండి ఒక మూల మసకగా ఉంటే మిషన్ తెరకి తిన్నగా లేదని అర్థం. ఈ పని చేస్తున్నప్పుడు నిన్ను చూడాలని నాకు చాలా ఆశగా ఉంది తల్లీ. సినిమా రోజుల్లో నేను దుర్భిణి పెట్టి చూసేవాణ్ని.

రెండు మిషన్ల బొమ్మల్ని పక్కపక్కన కలిపి ఒకే పెద్ద బొమ్మ చేసే రోజు కూడా వస్తుంది. ఒక్కోటి 1920 పిక్సెళ్ల వెడల్పు, మధ్యలో 384 ఒకదాని మీద ఒకటి పడేలా వదిలితే మొత్తం వెడల్పు 3456 పిక్సెళ్లు. గ్రాఫిక్స్ చేసే కుర్రాడికి ఆ అంకె ముందే ఇవ్వు.

ఒక విషయం మాత్రం గట్టిగా చెబుతున్నాను. డెకరేషన్ వాళ్లు స్కఫోల్డింగ్ అందంగా కనపడాలని చుట్టూ నల్ల గుడ్డ కట్టేస్తారు. నువ్వు భోజనానికి వెళ్లి వచ్చేసరికి మిషన్ వేడిగాలి బయటికి పోయే దారి మూసేసి ఉంటుంది. ఆ గాలే తిరిగి లోపలికి వెళ్లి టెంపరేచర్ ఎర్రర్ వచ్చి షో మధ్యలో ఆగిపోతుంది, గుడ్డ అంటుకునే ప్రమాదం కూడా ఉంది. చుట్టూ కనీసం అర మీటరు ఖాళీ ఉంచి, మిగతాచోట కట్టుకోమను. వెలుగు ఆపడానికి లెన్సు ముందు అట్టముక్క పెట్టే పద్ధతి మీ సైట్లో ఎవరైనా చేస్తే వెంటనే ఆపు. అది కాలిపోతుంది. లోపలే వెలుగు ఆపే షట్టర్ బటన్ ఉన్నది అందుకే. లెన్సు క్యాప్ తీయకుండా ఆన్ చేసినా అంతే.

ప్రారంభానికి పది నిమిషాల ముందు ఎవరో ఒకరు వచ్చి తొందరపెడతారు. "ముఖ్య అతిథి వచ్చేశారు, మీకు ఇంకా అవలేదా" అంటారు. ఒక ఊళ్లో ఒక పెద్ద సభలో న్యూట్రల్ వోల్టేజీ చూపించి ఆన్ చేయనన్నందుకు నన్ను అందరి ముందూ మాటలన్నారు. లైను సరిచేసి ఇచ్చాకే ఆన్ చేశాను. నువ్వు కూడా గొంతు పెంచకు, మీటరు చూపించు, "ఇది సరయ్యాక ఒక్క నిమిషంలో ఇస్తానండీ" అను. నీకంటే పెద్దవాళ్లు, మగవాళ్లు చుట్టూ నిలబడి ఉంటారు. వెనక్కి తగ్గకు. ఆ హాల్లో ఆ వెలుగు ఎక్కడ పడుతుందో పూర్తిగా తెలిసినదానివి నువ్వొక్కదానివే.

మాట్లాడే డాక్టర్ల ల్యాప్‌టాప్‌లు ముందు రోజే తెప్పించుకుని పెట్టి చూడు. హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్లో సిగ్నల్ అంత దూరం నమ్మకంగా పోదు, ఎక్కువ దూరం పోయే ఎస్‌డీఐగానో ఫైబర్‌గానో మార్చి లాగు. పక్కన ఇంకో దారి సిద్ధంగా ఉంచు. స్టేజి మీద వెలుగు ఎక్కడిదాకా వస్తుందో నేల మీద టేపు వేసి, మాట్లాడేవాళ్లని అది దాటొద్దని చెప్పు.

అయిపోయాక షట్టర్ మూసి, స్టాండ్‌బైలో పెట్టి, ఫ్యాన్లు వాటంతటవే ఆగేదాకా ఆగి, అప్పుడే మెయిన్ తియ్యి. రాత్రి పూట దించేటప్పుడే అందరూ అలసిపోయి ఉంటారు, లారీ వాడు హారన్ కొడుతుంటాడు. ఎక్కించేటప్పుడు ఎంతమంది పట్టారో దించేటప్పుడూ అంతమంది ఉండాలి. ఇద్దరే మిగిలితే పొద్దున దించండి.

లెన్సు మోడల్ నంబరు, మాన్యువల్లో ఆ హజార్డ్ డిస్టెన్స్ పేజీ, బాల్కనీ పిట్టగోడ ఎత్తు, ఈ మూడూ ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు. నేనూ లెక్క వేసి ఉంచుతాను, నీ లెక్కతో కలుస్తుందో లేదో సామాను దింపే ముందే చూసుకుందాం.

ఇట్లు
మీ నాన్న