లైన్ తెగినా పని ఆగకుండా

విజయనగరం,
ఆదివారం రాత్రి

బుజ్జీ,

మొన్న ఫోన్లో నీ గొంతు విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. ఆఫీసు సర్వర్ మీద 6 గంటలు నడిచిన పని, హాస్టల్ వైఫై ఒక్కసారి పోగానే పోయిందంటే ఏడుపు రాదా మరి. తిత్లీ తుఫాను వచ్చిన 2018లో నాకూ ఇదే జరిగింది. శ్రీకాకుళంలో ఉండి హైదరాబాద్ సర్వర్ మీద బ్యాకప్ నడుపుతుంటే నెట్ పోయింది. టెర్మినల్ (మనం కమాండ్లు టైప్ చేసే కిటికీ) మూతపడగానే దాని మీద నడిచే ప్రోగ్రాములకి హ్యాంగప్ సిగ్నల్, అంటే లైన్ తెగిందన్న కబురు వెళ్తుంది, చాలావరకు అక్కడికక్కడే ఆగిపోతాయి. అలా పోయినదాన్ని వెనక్కి తేలేం.

కానీ పని ఇంకా నడుస్తుండగా, స్క్రీన్ (లైన్ తెగినా సర్వర్ మీద పనిని నడుపుతూ ఉంచే ప్రోగ్రామ్) తెరవడం మరిచిపోయానని గుర్తొస్తే మాత్రం దారి ఉంది. మామ్మ ఒళ్ళో కూర్చుని బుర్రకథ చూసేదానివి గుర్తుందా? మైకు ఒకటే, ఒకరు పక్కకి జరిగితేనే ఇంకొకరు ముందుకొచ్చేవారు. టెర్మినలూ అంతే. నువ్వు టైప్ చేసింది ఒకసారికి ముందున్న పనికే చేరుతుంది. కంట్రోల్ జెడ్ నొక్కితే ఆ పని ఆగి పక్కకి జరుగుతుంది. బీజీ అని కొడితే వెనక నడుస్తుంది, ఎఫ్‌జీ అని కొడితే మళ్ళీ ముందుకొస్తుంది.

నీకు కావలసింది ఇంకో మెట్టు. బీజీ తర్వాత డిస్‌ఓన్ కొట్టు, ఇక షెల్ (నీ కమాండ్లు అందుకుని నడిపే ప్రోగ్రామ్) మూసినా ఆ పనికి హ్యాంగప్ పంపదు. అప్పుడు స్క్రీన్ తెరిచి, అందులో రెప్టైర్ (ఆర్, ఈ, పీ, టీ, వై, ఆర్) అని కొట్టి, పక్కన ఆ పని ప్రాసెస్ నంబర్ (నడిచే ప్రతి ప్రోగ్రామ్‌కీ కంప్యూటర్ ఇచ్చే నంబర్) ఇవ్వు. నాకు ఈ చిన్న కమాండ్ అంటే ఎంత ఇష్టమో! అది నడుస్తున్న ప్రోగ్రామ్ లోపలికి వెళ్ళి, దాని పాత టెర్మినల్ మార్చేసి కొత్తది అంటగడుతుంది. కంట్రోలింగ్ టెర్మినలే, అంటే ఆ పనిని అదుపు చేసే టెర్మినలే మారుతుంది కాబట్టి, పనిని ఆపేసే కంట్రోల్ సి కూడా అక్కడే పనిచేస్తుంది. తర్వాత కంట్రోల్ ఏ, డి నొక్కి హాయిగా స్క్రీన్ నుంచి బయటికి వచ్చెయ్, లోపల పని నడుస్తూనే ఉంటుంది.

ఉబుంటు లినక్స్‌లో రెప్టైర్ కొడితే అనుమతి లేదని రావచ్చు. ఒక ప్రోగ్రామ్ ఇంకోదాని లోపలికి దూరకుండా పెట్టిన కాపలా అది. ఆఫీసు సర్వర్ కదా, మీ అడ్మిన్‌ని అడిగి పిట్రేస్ స్కోప్ అనే ఆ కాపలా సెట్టింగ్‌ని 0 చేయించుకో, పనయ్యాక మళ్ళీ 1 పెట్టించు. పైపులతో (ఒక కమాండ్ ఫలితాన్ని ఇంకోదానికి అందించే గుర్తుతో) కలిపి నడిపినవి, పిల్ల ప్రాసెస్‌లు (తాము మొదలుపెట్టిన వేరే ప్రోగ్రాములు) ఉన్నవి ఒక్కోసారి మొరాయిస్తాయి. అందుకే ముందు మన పాత ల్యాప్‌టాప్ మీద టాప్ కమాండ్ (నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా చూపేది) నడిపి, దాని మీద ఇదంతా చేసి చూసుకో.

ఏ రాత్రయినా తేడా వస్తే కంట్రోల్ సి నొక్కకుండా ముందు నాకు ఫోన్ చెయ్యి తల్లీ, మెలకువగానే ఉంటాను.

నాన్న