‘ట్రాయ్’ మీద మన గొడవంతా హెల్మెట్ల దగ్గరే ఆగిపోతోంది

సంపాదకుడు గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ సినిమా పేజీలో ‘ట్రాయ్’ అనే హాలీవుడ్ సినిమా గురించి పాఠకుల అభిప్రాయాలు వేశారు, సంతోషం. కానీ చదివాక ఊరుకోలేక రాస్తున్నాను. సగం మంది ట్రాయ్ రాకుమారుడు హెక్టర్, గ్రీకు వీరుడు అకిలీస్ ఫైట్ లాంటిది మళ్లీ ఎవరూ తీయలేదన్నారు. మిగతా సగం మంది చరిత్రని ఖూనీ చేశారు, దేవుళ్లని ఎత్తేశారు, కవచాలు తప్పు, హెల్మెట్లు తప్పు అని లిస్టు రాశారు. 2024 డిసెంబరులో ట్రాయ్ యుద్ధం నుంచి ఒడిస్సియస్ అనే గ్రీకు వీరుడు ఇంటికి చేరే కథ ‘ఒడిస్సీ’ని దర్శకుడు క్రిస్టఫర్ నోలన్ తీస్తున్నాడని ప్రకటన వచ్చినప్పటి నుంచీ ఎక్కడ చూసినా ఇదే వరస. అందులో ఒడిస్సియస్ వేషం వేసిన మాట్ డేమన్ ఎర్ర కుచ్చు హెల్మెట్‌తో ఉన్న ఫొటో 2025లో బయటికి వచ్చిందో లేదో, ఆ కాలంలో అడవిపంది కోరలతో చేసిన హెల్మెట్లు పెట్టుకునేవాళ్లు కదా అని మొదలుపెట్టారు. నిజమే, ట్రాయ్ యుద్ధం మీద గ్రీకు కవి హోమర్ చెప్పిన ఇలియడ్ కావ్యం పదో సర్గలో అలాంటిది ఒకటి వస్తుంది, తవ్వకాల్లో కూడా దొరికాయి. తెలుసుకోవడం మంచిదే. కానీ గ్రీకులు ట్రాయ్ అనే ఊరిని తగలబెట్టి, మగవాళ్లని చంపి, ఆడవాళ్లని పంచుకుపోయిన కథ ఇది. దాని గురించి మాట్లాడుతూ మనం ఈ వివరాల దగ్గరే ఆగిపోతుంటే నాకు బాధగా ఉంది.

నేను ఈ సినిమాని 2004లో విడుదలైనప్పుడే, కాలేజీ రోజుల్లో హైదరాబాద్‌లో చూశాను, తర్వాత చాలాసార్లు చూశాను. నాకిష్టమైన సినిమానే, అది ముందే చెప్తున్నాను. ఉల్ఫ్‌గ్యాంగ్ పీటర్సన్ మాల్టాలో, మెక్సికోలో సెట్లు వేసి, 17.5 కోట్ల డాలర్లకు అటూఇటూగా ఖర్చుపెట్టి తీశాడు. అమెరికాలో వచ్చింది సుమారు 13.3 కోట్లే అయినా ప్రపంచమంతా కలిపి 50 కోట్లకి దగ్గరగా వసూలు చేసింది. అంటే హోమర్ పేరు కూడా వినని కోట్ల మందికి ఈ కథ తెలిసింది ఈ సినిమా వల్లే. అందుకే ఇందులో ఏం చెప్పారు, ఏం దాచారు అనేది పట్టించుకోవాలంటున్నాను.

కథ మార్చారన్న ఫిర్యాదుతో నాకు పేచీ ఉంది. మార్చడం తప్పయితే ముందు గ్రీకుల్నే తప్పుపట్టాలి. గ్రీకు రాణి హెలెన్‌ని ట్రాయ్ రాకుమారుడు పారిస్ తీసుకుపోయాడనే కదా ఈ యుద్ధం. ఆమె అసలు ట్రాయ్‌కే వెళ్లలేదు, ఆమె ఈజిప్టులో ఉంటే ఆమె రూపంలో ఉన్న ఒక మాయ కోసం అందరూ కొట్టుకు చచ్చారని గ్రీకు నాటకకర్త యూరిపిడిస్ క్రీ.పూ. 412లో నాటకమే రాశాడు. మనకీ ఇది కొత్త కాదు, ‘మాయాబజార్’లో శశిరేఖ పెళ్లి కథ వ్యాసభారతంలో ఎక్కడుంది? 1957 నుంచీ నెత్తిన పెట్టుకుని చూస్తున్నాం కదా. పాత కథని ఎవరైనా తమ కాలానికి తగ్గట్టు తిరగరాసుకోవచ్చు. ఆ తిరగరాతలో ఎవరి బాధ పెరిగింది, ఎవరి బాధ మాయమైంది అన్నదే నేను చూస్తాను.

దేవుళ్లని తీసేయడం నా దృష్టిలో మంచి నిర్ణయం. ఇలియడ్ మూడో సర్గలో హెక్టర్ తమ్ముడు పారిస్, హెలెన్ మొగుడు మెనెలావుస్ ఒకరితో ఒకరు తలపడితే, ఓడిపోతున్న పారిస్‌ని ప్రేమ దేవత ఆఫ్రొడైటీ పొగమంచులో దాచి పడకగదికి ఎత్తుకుపోతుంది. సినిమాలో దేవత లేదు కాబట్టి ఆ కుర్రాడు దెబ్బలు తిని, రెండు సైన్యాలూ చూస్తుండగా నేల మీద పాక్కుంటూ వెళ్లి అన్న కాళ్లు పట్టుకుంటాడు. ఒక్క షాట్‌లో వాడి పిరికితనం, అన్నదమ్ముల ప్రేమ, ఆ ప్రేమ వల్ల ఊరికి రాబోయే చేటు అన్నీ కనపడతాయి. ఇంత బాగా తీసిన వాళ్లు మరుక్షణమే హెక్టర్ చేత మెనెలావుస్‌ని చంపించేశారు, అక్కడే నాకు కష్టమనిపించింది. హోమర్ చెప్పిన మెనెలావుస్ చావడు. యుద్ధం గెలుస్తాడు, హెలెన్‌ని వెంటబెట్టుకుని స్పార్టాకి పోతాడు. ఒడిస్సీ నాలుగో సర్గకి వచ్చేసరికి వాళ్లిద్దరూ ఇంట్లో విందు చేసుకుంటుంటారు, పోయినవాళ్లు గుర్తొచ్చి అందరూ ఏడిస్తే ఆ దుఃఖం మరిపించే మందు హెలెనే ద్రాక్షసారాలో కలిపి ఇస్తుంది. ఎవరి కోసం ఇంతమంది చచ్చారో వాళ్లు హాయిగా ఇంటికి చేరారు, అది తలుచుకుంటేనే కడుపు మండుతుంది. మండాలి కూడా. సినిమా మనకి ఆ మంట లేకుండా చేసింది.

మెనెలావుస్ అన్న, గ్రీకు సైన్యానికి పెద్ద అయిన అగమెమ్నాన్ సంగతీ అంతే. సినిమాలో గ్రీకులకి బందీగా చిక్కిన బ్రిసియస్ పొడిచి చంపుతుంది, హాల్లో చప్పట్లు. పాత కథలో అతను గెలిచి ఇంటికి పోయాక సొంత ఇంట్లోనే హతమవుతాడు, ట్రాయ్ ఆడవాళ్లకి దాని వల్ల ఒరిగిందేమీ లేదు. బ్రిసియస్ అయితే మొదటి నుంచీ యుద్ధంలో చేజిక్కిన సొత్తు, ఆమె మొగుణ్ణి చంపింది అకిలీసే. సినిమాలో ఆమెని అతని ప్రియురాలిని చేశారు. పదేళ్ల ముట్టడిని కొన్ని వారాలకి కుదించేశారు. పదేళ్లు ఇల్లూ వాకిలీ వదిలేసి పరాయి గట్టు మీద కూర్చుంటే మనుషులు ఎలా తయారవుతారో ఆ వారాల లెక్కలో ఎక్కడ కనపడుతుంది?

అన్నిటికన్నా నాకు మింగుడుపడనిది హెక్టర్ కొడుకు విషయం. ఇలియడ్ ఆరో సర్గలో హెక్టర్ భార్యాబిడ్డల దగ్గరికి వస్తాడు. తండ్రి హెల్మెట్ మీద ఊగుతున్న కుచ్చు చూసి పిల్లాడు జడుసుకుని దాది గుండెల్లో మొహం దాచుకుంటాడు. తల్లీ తండ్రీ నవ్వేస్తారు, హెక్టర్ హెల్మెట్ తీసి కింద పెట్టి బిడ్డని ఎత్తుకుంటాడు. హెల్మెట్ గురించి మాట్లాడాలనుకునే మిత్రులు దీని గురించి మాట్లాడండి. ఊరు పడిపోయాక ఆ బిడ్డనే గ్రీకులు కోటగోడ మీద నుంచి పడేస్తారు. యూరిపిడిస్ దాన్ని నాటకంలో పెట్టి క్రీ.పూ. 415లో ఏథెన్స్ జనం ముందు ఆడించాడు. అంతకు కొన్ని నెలల ముందే ఆ ఏథెన్స్ సైన్యం మెలోస్ అనే దీవిని గెలిచి, దొరికిన మగవాళ్లని చంపి, ఆడవాళ్లనీ పిల్లల్నీ బానిసలుగా అమ్మింది. గెలిచిన ఊరి జనాన్ని కూర్చోబెట్టి ఓడినవాళ్ల ఏడుపు వినిపించాడాయన. 2004లో సినిమా తీసినవాళ్లు మాత్రం తల్లీబిడ్డల్ని సొరంగంలోంచి క్షేమంగా పంపించేశారు. ఇరాక్ యుద్ధం మొదలై ఏడాది దాటిన రోజులవి, చూసేవాళ్లలో కొందరి కొడుకులు అక్కడే ఉన్నారు. ఆ జనం ముందు ఈ కథ పెట్టేటప్పుడు బిడ్డని బతికించడం దయ అనుకుని ఉండొచ్చు, నేనైతే ఒప్పుకోను.

ఫైట్ గురించి కూడా ఒక మాట. నాకూ ఇష్టమే, ఇద్దరూ ఎంత కష్టపడ్డారో తెలుస్తుంది, హెక్టర్ వేషం వేసిన ఎరిక్ బానా కళ్లలో చావు ముందే కనపడుతుంది. కానీ హోమర్ చెప్పిన హెక్టర్ భయపడతాడు. అకిలీస్‌ని చూడగానే కాళ్లు ఆగక పరుగు తీస్తాడు, ఊరి గోడల చుట్టూ మూడుసార్లు తిరుగుతాడు, తండ్రి పైనుంచి చూస్తూ ఉంటాడు. తర్వాతే ఆగి నిలబడతాడు. ఇంకో తమ్ముడు పక్కనే ఉన్నాడనుకుంటాడు, తీరా చూస్తే అది గ్రీకుల పక్షాన ఉన్న దేవత ఏథెనా చేసిన మోసం, పక్కన ఎవరూ లేరు, అయినా కత్తి దూసి మీదికి వెళ్తాడు. భయపడి పారిపోయినవాడు నిలబడ్డాడు కాబట్టే ఆ మనిషి నాకు అంత పెద్దవాడుగా కనపడతాడు. సినిమాలో ఆ పరుగు పెట్టి ఉంటే హీరోయిజం తగ్గిపోతుందనుకున్నారేమో. హెక్టరే అసలు హీరో అని రాసినవాళ్లంతా ఒక్కసారి ఆ 22వ సర్గ చదవండి, ఇంకా ఎక్కువ ఇష్టపడతారు.

పీటర్ ఓ’టూల్ సన్నివేశానికి మాత్రం చెయ్యెత్తి దండం పెట్టాలి. ఆయన వేసిన వేషం హెక్టర్ తండ్రి, ట్రాయ్ రాజు ప్రయామ్. ఆ ముసలాయన రాత్రిపూట శత్రువు గుడారంలోకి వెళ్లి, తన కొడుకుని చంపిన చేతుల్ని ముద్దుపెట్టుకుని శవం అడుగుతాడు. అక్కడ దర్శకుడు హోమర్‌ని నమ్మాడు, గుండె పట్టేసింది. మిగతా సినిమాలోనూ అంత నమ్మకం చూపించాల్సింది.

ఇంకోటి, మనవాళ్లు వాదించుకుంటున్నారు కానీ ఎవరు ఏ వెర్షన్ చూశారో చెప్పరు. థియేటర్‌లోకి వచ్చింది రెండు గంటల నలభై నిమిషాల పైచిలుకు సినిమా. 2007లో దర్శకుడు 196 నిమిషాల వెర్షన్ విడుదల చేశాడు, అందులో ఊరిని దోచుకునే రాత్రి చాలా క్రూరంగా, ఆడవాళ్ల మీద పిల్లల మీద పడటంతో సహా చూపించాడు. చూడటం కష్టం, కానీ నిజానికి దగ్గరగా ఉన్నది అదే. ద్వంద్వ యుద్ధం దగ్గర సంగీతం మార్చారు, అది నాకు నచ్చలేదు, పాతదే బాగుంది. అయినా ఎవరైనా అడిగితే పెద్దదే చూడమంటాను.

మిమ్మల్ని కోరేది ఇది. ఇలాంటి సినిమా వచ్చినప్పుడు మీ పేజీలో మొదటి రోజు వసూళ్లు, స్టార్ రేటింగు వేస్తారు, వేయండి. దాంతోపాటు అసలు కథ ఏమిటి, సినిమాలో ఎవరిని బతికించారు, ఎవరిని చంపారు అని ఓ అరపేజీ ఇవ్వండి, ఏ వెర్షన్ చూసి సమీక్ష రాశారో కూడా చెప్పండి. నోలన్ సినిమా గురించి రాసే మీ సమీక్షకుడికి ప్రత్యేకంగా ఒక విన్నపం. ఒడిస్సీ ఎనిమిదో సర్గలో గ్రీకులు లోపల దాక్కుని ట్రాయ్‌లోకి దూరిన చెక్కగుర్రం కథని ఒక గాయకుడు పాడతాడు, ఆ గుర్రం ఉపాయంతో ఊరిని పడగొట్టిన ఒడిస్సియస్ అది వింటూ ఏడుస్తాడు. ఎలా ఏడ్చాడంటే, ఊరి కోసం పోరాడి పడిపోయిన మొగుడి మీద పడి రోదిస్తుంటే శత్రువులు వెనకనుంచి బల్లెంతో పొడుస్తూ బానిసగా లాక్కుపోయే ఆడదానిలా ఏడ్చాడంటాడు హోమర్. ఆ సన్నివేశాన్ని సినిమాలో ఏం చేశారో దయచేసి రాయించండి, హెల్మెట్ సంగతి ఆ తర్వాత చూద్దాం.

ఇట్లు,
మీ పాఠకుడు,
వరంగల్